బల్లకి ఆ చివర

మా టీకొట్టుకి పొద్దున పదింటికల్లా పంతులుగారు పేపరు చంకన పెట్టుకుని వస్తారు. ఒక టీ తాగి, పేపర్లో ఉండే గళ్ళ నుడికట్టు నింపేదాకా లేవరు. ఆ రోజు వాన. వాన పడితే దర్జీకి బేరాలుండవు కాబట్టి ఆయనా వచ్చి కూర్చున్నాడు. పంతులుగారు పెన్సిలు చెవిలోంచి తీసి, "ఇంట్లో ఉంటే దాని మీద తింటాం, కడుపులో పెరిగితే తినలేం, రెండక్షరాలు" అని గట్టిగా చదివారు.

దర్జీ పీట అన్నాడు. పీట కడుపులో పెరగడమేంటయ్యా అని పంతులుగారు విసుక్కున్నారు. నేను గ్లాసులు కడుగుతూనే బల్ల అని చెప్పాను. మా అమ్మమ్మకి జ్వరాలొచ్చి కడుపులో బల్ల పెరిగిందని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు, అలా గుర్తుంది. ఆయన రాసుకుని ఊరుకుంటే పోయేది. ఊరుకోకుండా, ఇంత చిన్న మాటకి ఎన్ని అర్థాలో చూడండి, అసలిది ఎక్కడ పుట్టిందో ఏమో అన్నారు. అంతే, మూల కూర్చుని గుడ్డు ఒలుచుకుంటున్న కోతల మేస్త్రీ చెయ్యి ఆగిపోయింది.

ఆయన వడ్రంగి. చిన్నప్పట్నుంచీ కర్ర కోసి కోసి, చేతులు అలిసిపోయాక ఆ కోతలు నోట్లోకొచ్చాయని దర్జీ అంటాడు. మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు అని కూడా అంటాడు. అది నిజమే. ఆయన తిరుగుడంతా వాళ్ళ కొట్టు నుంచి మా కొట్టు దాకానే. ఒంటి మనిషి. మా కొట్లో ఉన్న ఒక్క బల్లా ఆయన చేసిందే, మంచి పనివాడు, అందులో వంక పెట్టడానికి లేదు. రోజూ ఒక ఉడికించిన గుడ్డు తింటాడు. నేను ఉప్పు చల్లబోతే చెయ్యి అడ్డం పెడతాడు. బీపీ కాబోలు అనుకునేదాన్ని.

ఆ రోజు కొత్త మనిషి కూడా ఒకామె ఉంది. పాతికేళ్ళుంటాయి. భుజాన గుడ్డ సంచి, అందులోంచి అడుగుబద్ద కొన బయటికి కనపడుతోంది. వాన తగ్గేదాకా కూర్చుంటానని నన్నడిగి కూర్చుంది. టీ ముందు పెట్టుకుని తాగట్లేదు.

"ఎక్కడ పుట్టిందో నన్నడగండి పంతులుగారూ," అన్నాడు మేస్త్రీ. "మా ఇంట్లో పుట్టింది."

"బల్ల పుట్టి ఉండొచ్చు. మాట ఎలా పుడుతుందయ్యా?"

"బిడ్డ పుట్టాకే కదండీ పేరు పెడతారు. వినండి మరి. అప్పుడు నాకు పదహారు, మా తమ్ముడికి పన్నెండు. మా నాన్న పొరుగూళ్ళో తలుపుల పని ఒప్పుకుని, మూడ్రోజులదాకా రానని చెప్పి వెళ్ళాడు. కొట్లో ఒక టేకు పలక ఉంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళాక ఇంకేముంది, ఆయన వీధి మలుపు తిరక్కముందే ముట్టుకున్నాం. నేను చిత్రిక పడుతుంటే వాడు ఎదురుగా గొంతుక్కూర్చుని పలక జారకుండా పట్టుకున్నాడు. చెప్పుకోకూడదు గానీ, ఒక్క మేకు కొట్టలేదు. కొయ్యకి కొయ్యే మేకు. పొద్దున మొదలెడితే దీపాల వేళకి నాలుగు కాళ్ళ మీద నిలబడింది. అప్పటిదాకా లోకంలో దానికి పేరు లేదండీ. అందరూ 'అది' అనేవాళ్ళు. అదిలా జరుపు, అదెక్కి బూజు దులుపు, అంతే. పనైపోయిన సంబరంలో మా తమ్ముడు రెండరచేతులూ ఎత్తి దాని మీద ఒక్క చరుపు చరిచాడు. అది 'బల్ల్' మంది. పేరు పడిపోయింది."

"మరి కుర్చీని చరిస్తే ఏమంటుంది?" అన్నాడు దర్జీ.

"కుర్చీ సంగతి కుర్చీ చేసినవాణ్ణి అడుగు. నేను చెయ్యని పని గురించి నేను మాట్లాడను," అన్నాడు మేస్త్రీ. అని గుడ్డు పక్కన పెట్టేశాడు. గుడ్డు పక్కన పెట్టాడంటే అది పెద్ద కథ అన్నమాట. నేను స్టవ్ తగ్గించి బల్ల దగ్గరికొచ్చాను.

"మా నాన్న వచ్చి చూశాడు. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. గ్లాసు నిండా నీళ్ళు పోయించి దాని మీద పెట్టి, వీధిలో రోడ్డు రోలరు పిలిపించి మా గుమ్మం ముందు అటూ ఇటూ నడిపించాడు. గోడలు బీటలిచ్చాయి గానీ గ్లాసులో చుక్క తొణకలేదు. అదీ దాని కుదురు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కుదురు సంగతి విని, ఊళ్ళో మాట మీద నిలబడలేని వాళ్ళంతా మా ఇంటికి క్యూ కట్టారు. మాట ఇచ్చేముందు మా బల్లనొక గుద్దు గుద్దాలి. నిజమైతే ఖంగుమని మూడు వీధులకి మోగేది. అబద్ధమైతే పరుపు మీద కొట్టినట్టు చప్పుడుండేది కాదు. బల్ల గుద్ది చెబుతున్నా అంటారు చూడండి, అది మా ఇంటి నుంచి బయటికెళ్ళిన మాటే. కోర్టువాళ్ళు కూడా వచ్చి అడిగారు, మాకిచ్చెయ్యండీ అని. మా నాన్న ఇవ్వనన్నాడు. పాపం వాళ్ళు ఉత్త సుత్తి పట్టుకెళ్ళారు."

"నువ్వు గుద్దితే మోగేదా?" దర్జీ వదల్లేదు.

"నేనెప్పుడూ గుద్దలేదు. ఏమంటుందో ఏమో అని వాడిచేత గుద్దించేవాణ్ణి."

మేమంతా నవ్వాం. ఆయనా నవ్వాడు. కొత్తామె మాత్రం బల్లంచు మీద వేలు పెట్టి, చెక్క పోగు ఎటు వెళ్తోందో అటు జరుపుతూ కూర్చుంది.

"సరే, మాట పుట్టింది. అన్ని అర్థాలెలా వచ్చాయి?" అని పంతులుగారు అడిగారు. ఆయనకి కోపమో సరదానో తెలీలేదు, కళ్ళజోడు మాత్రం తీసి తుడుస్తున్నారు.

"అదే చెబుతున్నా. మా అమ్మకో జబ్బుండేదండీ. ఇంటికొచ్చిన మనిషి నిలబడి తిని వెళ్తే ఆవిడకి మింగుడు పడేది కాదు. మొదట్లో మేం నలుగురమే. తర్వాత మా మేనమామ దిగాడు. ఒక పలక అతికించాం. మేనమామ తోడల్లుడు దిగాడు. ఇంకో పలక. బల్ల గుద్దడానికొచ్చినవాళ్ళు ఊరికే పోతారా, వాళ్ళూ కూర్చున్నారు. రోజుకో పలక. మా అన్నదమ్ములిద్దరిదీ ఒకే రంపం, రెండు పిడులది, ఇటో మనిషీ అటో మనిషీ లాగేది. దాంట్లో కిటుకు తెలుసా అమ్మాయ్ నీకు?" అని నన్నడిగాడు. నాకు టీ కాచడం తప్ప ఏం తెలుసు. "ఒకడు లాగుతుంటే రెండోవాడు తొయ్యకూడదు. సాయం చేద్దామని తోశాడో, రంపం వంగి చెక్కలో బిగుసుకుపోతుంది. వదలాలి. లాగు, వదులు, లాగు, వదులు. లాగడం ఎవడైనా లాగుతాడు. వదలడమే పని. మా వాడు వదిలినట్టు లోకంలో ఎవడూ వదల్లేడు."

ఆ మాట అని టీ గ్లాసు ఎత్తి, తాగకుండానే దింపాడు. టీ చల్లారిందా అనుకుని వేడిగా ఇంకొకటి పోశాను. గొంతు తడుపుకుని మళ్ళీ అందుకున్నాడు.

"అరవైమంది అయ్యేసరికి గోడ అడ్డొచ్చింది. బల్లని ఆపుతామా, గోడనే పడగొట్టాం. వీధిలోకొచ్చింది. బస్సువాళ్ళు గొడవ చేశారు. మీరూ కూర్చోండి బాబూ అన్నాం, డ్రైవరూ కండక్టరూ బస్సు ఆపేసి కూర్చున్నారు, లోపలున్న యాభైమందీ కూర్చున్నారు, అక్కడికే పన్నెండు పలకలు. చెప్పుకోకూడదు గానీ, ఈ చివర పొద్దున టీ పోసి చేతులు మార్చి పంపితే, ఆ చివరకి చేరేసరికి అది సాయంత్రం టీ అయ్యేది. చల్లారిపోతోందని గోలపెడితే దారిలో పద్నాలుగు చోట్ల పొయ్యిలు పెట్టించాం."

"పద్నాలుగు పొయ్యిలకి పాలెక్కడివి మేస్త్రీగారూ?" అన్నాను. నా బాధ నాది.

"గేదెల్ని కూడా బల్ల కాళ్ళకే కట్టేశాంగా. కాళ్ళకి కొదవా? ఎన్ని కాళ్ళున్నాయో లెక్కపెట్టడానికి ఒక మనిషిని పెట్టాం. ఆయన కుర్రాడిగా బయల్దేరాడు, లెక్క సగంలో ఉండగా గడ్డం నెరిసి, మిగతాది కొడుకుకి అప్పజెప్పాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరు దాటగానే గుట్టలొచ్చాయి. బల్ల వాలకూడదు కదా. కాళ్ళు కొయ్యండి అన్నారు జనం. మా నాన్న, నేను బతికుండగా ఈ బల్ల కాళ్ళు కొయ్యడానికి వీల్లేదు, కావాలంటే గుట్టలు కొయ్యండి అన్నాడు. కోశాం. నేనిటు, తమ్ముడటు, మధ్యలో రంపం. ఆరు గుట్టలు తీసి పక్కన పెట్టాం. ఊరవతల నేల చూడండి ఎలా ఉంటుందో. బల్లపరుపుగా ఉందంటారా లేదా? ఊరికే అంటారా?"

"నది ఏం చేశావు?" అన్నాడు దర్జీ. ఈసారి ఎగతాళిగా కాదు, ఆయనకి కథ పట్టుకుంది.

"నదిలో కాళ్ళు పాతడం కుదర్లేదు. కాళ్ళు మడిచి నీళ్ళ మీద వేశాం. తేలింది. జనం దానెక్కి అవతలికి నడిచారు. బల్లకట్టు అనే మాట అప్పట్నుంచే. అవతలి ఒడ్డున ఎండ తగలదు, చెక్కంతా నల్లబడిపోయింది. అక్కడ బళ్ళో పిల్లలకి పలకల్లేవంటే, సుద్దముక్క తీసుకుని దాని మీదే రాసుకోండి అన్నాం. మీ నల్లబల్ల అదే పంతులుగారూ. మీరు ముప్పై ఏళ్ళు మా బల్ల మీదే రాశారు, మేమెప్పుడైనా అడిగామా?"

పంతులుగారు తల అడ్డంగా ఊపారు గానీ పెదవుల చివర నవ్వుంది. "మరి కడుపులో బల్ల?" అన్నారు.

"అది పుణ్యానికి పోతే వచ్చిన తంటా. అంత బల్ల, అంత తిండి, లేవబుద్ధి కాలేదు కొందరికి. మూడేళ్ళు కూర్చున్నచోటే కూర్చుని తిన్నారు. కడుపులు గట్టిపడి, కొడితే చెక్క మోత మోగడం మొదలెట్టాయి. డాక్టరుగారు పట్టుకుని చూసి, నాకు పేరు తెలీదు గానీ ఇది మీ ఇంటి సరుకేనయ్యా అన్నాడు. ఇంకా వినండి. అలా అలా భూమి అంచుదాకా వెళ్ళింది. అక్కడ ఓ సాయంత్రం చందమామ ఎప్పట్లాగే పైకి లేవబోయి, మా బల్ల అంచు చూసుకోక నెత్తి తగిలించుకున్నాడు. ఆ బొప్పి ఇప్పటికీ కనపడుతుంది. కావాలంటే పున్నమినాడు మీరే చూడండి."

దర్జీ చెయ్యి నుదుటికి పెట్టుకున్నాడు. చందమామని కూడా వదల్లేదని పంతులుగారు నాతో అన్నారు. ఇంతకన్నా పైకి వెళ్ళడానికి ఇంకేముందిలే, కథ అయిపోయింది అనుకుని నేను లేవబోయాను. ఎప్పుడూ ఇక్కడే ఆపి, చూశారా అన్నట్టు మీసం దువ్వుకుంటాడు. ఆ రోజు దువ్వుకోలేదు. ఒలిచిన గుడ్డు వంక చూస్తున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు. గొంతు తగ్గింది. "నాన్న పోయిన ఏడాది అది. నేనూ తమ్ముడూ భోజనానికి కూర్చున్నాం. కూరలో ఉప్పు చాల్లేదు. ఉప్పు జాడీ బల్లకి నడిమధ్య ఉండేది, అమ్మ పెట్టిన చోటు అది, అమ్మ పోయినా అది కదల్లేదు. కానీ బల్ల పెరిగి పెరిగి ఆ నడిమధ్య ఎక్కడికో వెళ్ళిపోయిందిగా. వాడే లేచాడు. నువ్వు మొదలెట్టు అన్నయ్యా, నే తెస్తా అన్నాడు. వెళ్ళాడు."

"వెళ్ళి?" అన్నాను.

"వెళ్ళాడు. వీపు కనపడేదాకా చూశాను. చుక్కంత అయ్యేదాకా చూశాను. తర్వాత కనపళ్ళేదు. పదిహేడేళ్ళయింది. వస్తాడు. బల్ల పొడుగు కదా, టైము పడుతుంది. వాడొచ్చేదాకా ఉప్పు ముట్టుకోకూడదనుకున్నాను. వాడు అంత దూరం దానికోసం వెళ్తే, నేనిక్కడ ఇంకోళ్ళ ఉప్పు వేసుకుని తింటే ఏం బావుంటుంది."

నేను ఆ గుడ్డు వంక చూశాను. రెండేళ్ళుగా బీపీ అనుకుంటున్నానే అని సిగ్గేసింది.

"నువ్వే వెతుక్కుంటూ వెళ్ళొచ్చుగా," అన్నాడు దర్జీ నెమ్మదిగా.

"వెళ్దామనే లేస్తాను రోజూ. కానీ నేను బల్లకి ఈ పక్క నుంచి వెళ్తుంటే వాడు ఆ పక్క నుంచి వచ్చేస్తేనో? ఇద్దరం ఒకరికొకరం కనపడకుండా దాటిపోతాం. ఎవరో ఒకళ్ళు కూర్చుని ఉండాలి కదా. పెద్దవాణ్ణి, నేనే కూర్చున్నాను. చిన్నప్పుడు ఒక ఆట ఆడేవాళ్ళం. నేను ఈ చివర చెవి ఆనిస్తే, వాడు ఆ చివర గోటితో గీకేవాడు. చెవిలో గుర్రుమని వినపడేది. ఇప్పటికీ పడుకునేముందు ఒకసారి చెవి ఆనిస్తాను. ఏం వినపడదు. దూరం కదా. చప్పుడు బయల్దేరే ఉంటుంది, దారిలో ఉంటుంది."

రేకు మీద వాన చప్పుడే. పంతులుగారికి ఇబ్బందనిపించి, మేస్త్రీని మళ్ళీ కోతల్లోకి తీసుకురావాలని కాబోలు, ఇంతకీ ఆ బల్ల పొడవెంతయ్యా అని అడిగారు.

మేస్త్రీ తలెత్తాడు. పాత హుషారు కొంచెం వచ్చింది. "పొడవా? చెప్పుకోకూడదు గానీ పంతులుగారూ, దాన్ని కొలిచే బద్ద ఇంకా ఎవడూ..."

"ఐదడుగులు, పెదనాన్నా."

కొత్తామె అంది ఆ మాట. గట్టిగా కూడా అనలేదు.

మేస్త్రీ చెయ్యి గాల్లో ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. ఆ పిల్ల మొహాన్ని చూశాడు, సంచిలోంచి కనపడే అడుగుబద్దని చూశాడు. ఆ బద్ద పాతది, అంచులు అరిగి నున్నగా అయ్యాయి. దాన్ని గుర్తుపట్టాకే మనిషిని గుర్తుపట్టాడనుకుంటాను. అయినా అడిగాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"ఉప్పు కోసం వెళ్ళినాయన కూతుర్ని."

తర్వాత అసలు సంగతి ఆ అమ్మాయే చెప్పింది. మాకు చెబుతున్నట్టు చెప్పింది గానీ చూపంతా ఆయన మీదే ఉంది. బల్ల వాళ్ళిద్దరూ చేసింది నిజమే, మేకు లేదన్నదీ నిజమేనట. పొడవు ఐదడుగులు, వెడల్పు రెండున్నర. తాతయ్య పోయాక పంపకాల్లో ఇల్లూ కొట్టూ సామానూ అన్నీ గొడవ లేకుండానే తెగాయి. బల్ల దగ్గర ఆగింది. నాకంటే నాకన్నారు ఇద్దరూ. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఇద్దరూ. నాలుగు రోజులు చూసి విసుగెత్తిన పెద్దమనిషొకడు, అయితే సగం సగం కోసుకోండయ్యా అన్నాడు. మాటవరసకి అన్నాడు. వడ్రంగులతో అలాంటి మాట అనకూడదు. ఇద్దరూ లేచి, రెండు పిడుల రంపం తెచ్చి, ఉప్పు జాడీ తీసి కింద పెట్టి, అది ఉన్న చోటే గీత గీశారు.

"నాకప్పుడు ఎనిమిదేళ్ళు. గుమ్మంలో నిలబడి చూశాను. వీళ్ళిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఒకళ్ళు లాగితే ఒకళ్ళు వదిలారు. కోత దారం పట్టినట్టు వచ్చింది. మా నాన్న ఇప్పటికీ అంటాడు, వాళ్ళిద్దరూ కలిసి చేసిన పనుల్లో అంత శుభ్రంగా వచ్చిన కోత ఇంకోటి లేదని. చివరి పోగు తెగగానే రెండు ముక్కలూ ధడాలున కింద పడ్డాయి. సగం బల్లకి రెండే కాళ్ళుంటాయని ఇద్దరు మేస్త్రీలకీ, నలుగురు పెద్దమనుషులకీ ఒక్కళ్ళకీ తట్టలేదు."

నవ్వొచ్చే మాటే. దర్జీ నవ్వబోయి మేస్త్రీ మొహం చూసి మానేశాడు.

వాళ్ళ సగం వంటింటి గోడకి ఆనించి ఉందట. వాళ్ళ నాన్న ఊరందరికీ బల్లలు చేసే మనిషి, దానికింకో రెండు కాళ్ళు పెట్టడానికి ఒక పూట పని. పెట్టలేదు. పదిహేడేళ్ళుగా గోడకి ఆనించే దాని మీద తింటున్నారు. ఇప్పుడు వంటిల్లు పెద్దది చేయడానికి ఆ గోడ తీసేస్తున్నారు, సోమవారం తాపీమేస్త్రీలొస్తారు. గోడ పోతే బల్ల నిలబడదు. కాళ్ళు పెట్టు నాన్నా అంటే ఆయన వినడు, నన్ను పెట్టనివ్వడు అంది. వాళ్ళ నాన్న కొట్లో ఇప్పుడు పనంతా ఈ అమ్మాయే చేస్తుందట.

"మీ సగానికి కాళ్ళు పెట్టారా పెదనాన్నా?"

మేస్త్రీ గుడ్డు పెంకులన్నీ ఒక పక్కకి పోగుచేశాడు. "గోడకే ఉంది," అన్నాడు చివరికి.

"మా నాన్న కూడా రోజూ బల్ల మీద తల వాల్చి కాసేపు ఉంటాడు. నిద్రపోతున్నాడనుకునేదాన్ని. చెవి ఆట గురించి ఇవాళే తెలిసింది నాకు."

"వాడు పంపాడా నిన్ను?"

"లేదు. ఆయన పంపితే మీరు రారు, మీరు పిలిస్తే ఆయన రాడు. నేనే వచ్చాను. రెండు సగాలూ కలపొచ్చా?"

పని గురించి అడిగితే ఆయన మనిషే మారిపోతాడు. వీపు నిటారుగా పెట్టాడు. "కలపొచ్చు. ఐదడుగులు మాత్రం రాదు. రంపం తిన్నది పోతుంది కదా. మనం ఎంత సమంగా పంచుకున్నా రంపం తన వాటా తాను తింటుంది. ఒక నూలు తక్కువ. అంగుళంలో ఎనిమిదో వంతు," అని మాకోసం చెప్పాడు. "కూర్చునేవాళ్ళకి తెలీదు. చేసినవాళ్ళకి తెలుస్తుంది."

ఆరు గుట్టలు కోసి చందమామకి బొప్పి కట్టించిన మనిషి నోట ఒక నూలు అనే లెక్క వినడం నాకు అదే మొదటిసారి.

"నాన్న నూలున్నర అంటాడు," అంది ఆ పిల్ల.

"నూలున్నరా? వాడి మొహం. ఆ రంపం పళ్ళకి ముందు రోజే ఆకురాయి పట్టి పదును పెట్టింది నేను. నూలున్నర ఎలా తింటుంది? ఒక్క నూలు. బల్ల గుద్ది చెబుతున్నా," అని చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గుద్దడానికి దిగలేదు. మా బల్ల మీద దాన్ని గుద్దకుండా ఊరికే ఆనించి, అలాగే ఉంచాడు.

"ఇక్కడ గుద్దితే ఏం లాభం పెదనాన్నా," అంది ఆ పిల్ల. "అక్కడికొచ్చి గుద్దండి."

ఇల్లెక్కడమ్మా అని నేనడిగాను. నాలుగు వీధులవతల అంది. నేను రోజూ పాలు తెచ్చుకునే దారి అది. ఈయనేమో తమ్ముడు భూమి అంచుకి వెళ్ళినట్టు చెప్పాడు, నేనేమో రెండేళ్ళుగా ఆ ఇంటి ముందునుంచే పాల క్యాను మోసుకొస్తున్నాను.

మేస్త్రీ లేచాడు. కండువా దులిపాడు, మళ్ళీ కూర్చున్నాడు. నాకు భయమేసింది, అయిపోయింది, ఇంక ఈ మనిషి కదలడు అనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, ఇదివరకెప్పుడూ అడగనంత చిన్నగా అడిగాడు.

"అమ్మాయ్, కాస్త ఉప్పుంటే పొట్లం కట్టివ్వమ్మా. చేతులూపుకుంటూ ఎలా వెళ్ళను?"

కట్టడానికి కాగితం కోసం వెతుకుతుంటే పంతులుగారు తన పేపర్లోంచి ఒక పేజీ చింపి ఇచ్చారు. ఆయన పేపరు ఎవరినీ ముట్టుకోనివ్వరు. ఇచ్చింది నుడికట్టున్న పేజీ, సగం గళ్ళు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. గుప్పెడు ఉప్పు పోసి పొట్లం కట్టాను. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయని మా అమ్మ అనేది. అందుకని ఆయన చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాను. ఆయన తీసుకుని చొక్కా జేబులో వేసుకుని, తడవకుండా పైన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వాన ఇంకా తగ్గలేదు. ఆ పిల్ల గొడుగు విప్పింది. ఆయన దాని కిందకి వెళ్ళకుండా ముందు నడిచాడు. దారి అడగలేదు.

గుడ్డు అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం దాకా దాని మీద గిన్నె బోర్లించి ఉంచాను. వాన వెలిసింది, వచ్చేవాళ్ళు వచ్చారు, వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. సాయంత్రం దర్జీ మళ్ళీ టీకొచ్చి, మూలనున్న ఖాళీ చోటు చూసి కూర్చున్నాడు. ఇంకా రాలేదండీ, వెళ్ళి చూసొస్తారా అని అడిగాను.

"ఎందుకు," అన్నాడు దర్జీ. "వస్తాడు. బల్ల పొడుగు కదా, టైము పడుతుంది."